నాలుగూ ఒకటీ: ఐదేళ్లలో ఇంగ్లీషు ఎం.ఏ.



ఈ పూట ఒక కూడికతో, ఒక తీసివేతతో మొదలుపెడతాను. పెన్నూ కాగితం అక్కర్లేదు, నోటిలెక్క చాలు. అమెరికాలో బి.ఏ. పట్టా చేతికి రావాలంటే మామూలుగా 120 క్రెడిట్లు పూర్తి చేయాలి. ఆ తర్వాత ఎం.ఏ.కి ఇంకో 30, కొన్నిచోట్ల 36. తక్కువ లెక్కే వేసుకుందాం. 120కి 30 కలిపితే 150. ఇక తీసివేత. బి.ఏ. ఆఖరి సంవత్సరంలోనే ఒక అమ్మాయి ఎం.ఏ. స్థాయి కోర్సులు నాలుగు చదివిందనుకోండి. ఒక్కోటి మూడు క్రెడిట్లు, మొత్తం 12. ఒకే రసీదును రెండు పద్దుల్లో రాసుకున్నట్టు, విశ్వవిద్యాలయం ఆ పన్నెండింటినీ బి.ఏ. కిందా జమ చేస్తుంది, ఎం.ఏ. కిందా జమ చేస్తుంది. 150 కాస్తా 138 అయింది. ఎం.ఏ.కి ఇక మిగిలినవి 18 క్రెడిట్లు. సెమిస్టరుకు మూడు కోర్సుల చొప్పున రెండు సెమిస్టర్లలో ముగుస్తాయి. నాలుగూ రెండూ ఆరేళ్లు పట్టాల్సింది నాలుగూ ఒకటీ ఐదేళ్లతో సరిపోతుంది. అక్కడ విద్యార్థులు దీన్ని ‘ఫోర్ ప్లస్ వన్’ అంటారు. కాలేజీ కాగితాల్లో మాత్రం ‘యాక్సిలరేటెడ్ బి.ఏ.-ఎం.ఏ.’ అనే పెద్ద పేరు ఉంటుంది.

కంప్యూటర్ సైన్సులో, ఇంజనీరింగులో ఈ ఏర్పాటు మనవాళ్లకు తెలిసిందే. ఇంగ్లీషు సాహిత్యానికీ ఉందన్న సంగతి చాలామందికి ఫోనులోనే తెలుస్తుంది. ఫ్రిస్కో నుంచో ఎడిసన్ నుంచో కొడుకు ఫోన్ చేస్తాడు. “నాన్నా, చిన్నది ఇంగ్లీషు లిటరేచర్ తీసుకుంటానంటోంది.” ఇవతల కాసేపు మాటుండదు. “అది చదివి ఏం చేస్తుందిరా?” అంటారు పెద్దాయన. “ఐదేళ్లలో ఎం.ఏ. కూడా అయిపోతుందట నాన్నా.” “అలా చెప్పు మరి. సరే, కానీ.” బి.ఏ. అంటే దిగులుపడ్డ మనిషికి ఎం.ఏ. అనేసరికి గుండె కుదుటపడుతుంది. మన ఇళ్లలో ఎం.ఏ. అన్న రెండక్షరాలకు ఇప్పటికీ అంత బలముంది. ఈ ప్రసంగం ఆ పెద్దాయనలాంటి వాళ్ల కోసం, ఆ మనవరాలి కోసం, ఇక్కడే డిగ్రీలో ఇంగ్లీషు మేజరుగా తీసుకుని తర్వాతి దారి చూసుకుంటున్న పిల్లల కోసం.

ఈ చదువులో ప్రవేశం ఎలా ఉంటుందో ముందు చెబుతాను. మొదటి రోజునే ఎవరినీ ఇందులో చేర్చుకోరు. బి.ఏ. మూడో సంవత్సరంలో, ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుతున్న విద్యార్థి, తన శాఖకే అర్జీ పెట్టుకోవాలి. నాలుగుకు మూడు పాయింట్ల పైన, కొన్నిచోట్ల మూడున్నర దాకా సగటు గ్రేడు అడుగుతారు. పాఠం చెప్పిన ప్రొఫెసర్ల నుంచి సిఫార్సు ఉత్తరాలు, అప్పటికే తరగతికి రాసిన మంచి వ్యాసం ఒకటి జతచేయాలి. చాలాచోట్ల జి.ఆర్.ఇ. గొడవ ఉండదు. వర్జీనియాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం, న్యూయార్కు నగరంలో న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఇలా పెద్దవీ చిన్నవీ ఎన్నో సంస్థల ఇంగ్లీషు శాఖలు ఈ దారి తెరిచాయి. పైగా హైస్కూల్లో ఉండగానే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాసి మంచి స్కోరు తెచ్చుకున్న పిల్లలకు కాలేజీలో అడుగుపెట్టేసరికే కొన్ని క్రెడిట్లు జమలో ఉంటాయి. మన తెలుగు పిల్లల్లో వీళ్లు తక్కువేం కాదు. అలాంటివాళ్లకు ఐదేళ్లు కూడా పట్టకపోవచ్చు.

శాఖలకు ఇందులో ఏమిటి లాభం? 2008 నాటి ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికాలో ఇంగ్లీషు మేజరుగా చదివేవాళ్లు బాగా తగ్గిపోయారు. తలిదండ్రులు కొలువు వచ్చే చదువుల వైపు చూశారు, పిల్లలూ చూశారు. తరగతులు పలచబడ్డాయి. ఎం.ఏ. సీట్లు నింపుకోవడం ఇంకా కష్టమైంది. 2023లో వర్జీనియాలోని మేరీమౌంట్ విశ్వవిద్యాలయం తొమ్మిది బ్యాచిలర్ స్థాయి విభాగాలను ఒక్క తీర్మానంతో ఎత్తేసింది. అందులో ఇంగ్లీషు ఒకటి, చరిత్ర ఒకటి, గణితం కూడా ఒకటి. ఇంగ్లీషులో ఉన్న ఎం.ఏ.నూ దాంతోపాటే తీసేశారు. ఇలాంటి వార్త చదివిన ఏ శాఖాధిపతికైనా, తన దగ్గరే చదువుతున్న మెరికల్లాంటి పిల్లల్ని ఇంకో ఏడాది ఉంచుకోవాలనిపించడం సహజమే. ఐదో ఏడు ఫీజు విశ్వవిద్యాలయానికి వస్తుంది, సెమినారు గదిలో కుర్చీలు నిండుతాయి. దీన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఈ పథకం కేవలం విద్యార్థుల టైము మిగల్చడానికే పుట్టిందని కరపత్రం చెబితే నమ్మకండి.

సరే, టైము మిగులుతుంది. దానికి బదులుగా పోయేది ఏమిటి? నన్ను అడిగితే ఇక్కడే అసలు విషయమంతా ఉంది. అమెరికా బి.ఏ.లో 120 క్రెడిట్లూ ఇంగ్లీషే ఉండదు. చరిత్ర, సైన్సు, లెక్కలు, ఇంకో భాష, ఇలా అందరూ చదవాల్సినవి చాలా ఉంటాయి. మేజరు వాటా సుమారు 36 క్రెడిట్లు, అంటే పన్నెండు కోర్సులు. ఎం.ఏ.లో 30 క్రెడిట్లు, పది కోర్సులు. మామూలు దారిలో వెళ్లిన విద్యార్థి ఇరవై రెండు కోర్సుల సాహిత్యం చదువుతుంది. ఈ వేగం దారిలో వెళ్లినామె పద్దెనిమిదే చదువుతుంది. రెండుసార్లు లెక్కకు వచ్చిన ఆ నాలుగు కోర్సుల చోట ఆమె చదివి ఉండాల్సిన వేరే నాలుగు ఉన్నాయి. అవి ఎక్కడా కనపడవు. ట్రాన్‌స్క్రిప్టులో ఖాళీగడి కూడా ఉండదు. చదవని కోర్సు పేరు ఏ కాగితమూ చెప్పదు.

ఏ నాలుగు పోయాయి? పిల్లలు ఏవి వదిలేస్తారో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాళ్లు ఎవరైనా ఊహించగలరు. మిల్టన్ పోతాడు. చాసర్ పోతాడు. పద్దెనిమిదో శతాబ్దం పోతుంది, దాంతో పోప్, స్విఫ్ట్, జాన్సన్ కట్టగట్టుకుని పోతారు. మిగిలేది ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు నవల, సిద్ధాంతం, సినిమా. చెడ్డవని అనను. టోనీ మారిసన్ నవల మీద మంచి సెమినారు దొరికితే అది ఏ మిల్టన్ కోర్సుకూ తీసిపోదు. కానీ సాహిత్యంలో ఎం.ఏ. అని పేరు వెనక రాసుకున్న మనిషి ‘పారడైజ్ లాస్ట్’ను పక్కవాళ్ల మాటల్లో తప్ప ఎరగకపోతే, ఆ లోటు రేపు పాఠం చెప్పేటప్పుడు తరగతి ముందే బయటపడుతుంది.

నాలుగో సంవత్సరంలో ఈ విద్యార్థి వారం ఎలా గడుస్తుందో కొంచెం దగ్గర్నుంచి చూద్దాం. గ్రాడ్యుయేట్ సెమినారు మామూలుగా వారానికి ఒక్కసారి. ఏకబిగిన సుమారు మూడు గంటలు. పగలు ఉద్యోగం చేసుకునే స్కూలు టీచర్లు కూడా ఎం.ఏ. చదువుతుంటారు కాబట్టి చాలాచోట్ల సాయంత్రాలే పెడతారు. ఒక పొడవాటి బల్ల, చుట్టూ పది పదిహేనుమంది. ప్రొఫెసరు ఉపన్యాసం ఇవ్వరు. ఒక ప్రశ్న వేసి వింటారు. ముప్ఫై ఐదేళ్ల టీచరు పక్కన మన ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి కూర్చుంటుంది. ఆ వారం పుస్తకం జార్జ్ ఎలియట్ రాసిన ‘మిడిల్‌మార్చ్’ అనుకుందాం. ఎనిమిది వందల పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. దానికి రెండు వారాలు ఇస్తారు. దాంతోపాటు నాలుగైదు విమర్శ వ్యాసాలు. అదే వారం ఆమెకు బి.ఏ. కోర్సులు ఇంకో రెండో మూడో ఉంటాయి. వాటిలో ఒకటి, ఇన్నాళ్లూ వాయిదా వేసుకుంటూ వచ్చిన సైన్సు ల్యాబు అయ్యే అవకాశం మెండు.

ఒక సంగతి చెప్పాలి. ‘మిడిల్‌మార్చ్’ మొదటిసారి అచ్చయినప్పుడు ఒకే పుస్తకంగా రాలేదు. 1871 డిసెంబరు నుంచి 1872 డిసెంబరు దాకా ఎనిమిది భాగాలుగా వచ్చింది. మొదట్లో రెండేసి నెలలకు ఒక భాగం, చివర్లో నెలకొకటి. అంటే తొలి పాఠకులు కథానాయిక డొరొతియా పెళ్లి చేసుకుని పడ్డ బాధను ఏడాది పాటు మనసులో పెట్టుకుని తిరిగారు. భాగానికీ భాగానికీ మధ్య ఇరుగుపొరుగుతో వాదించుకున్నారు, తర్వాత ఏమవుతుందని ఉత్తరాల్లో రాసుకున్నారు. మన వారపత్రికల సీరియళ్లు చదివిన తరానికి ఆ అనుభవం బాగా తెలుసు. యద్దనపూడి నవల తరువాయి భాగం కోసం పత్రిక వచ్చే రోజు గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎందరో ఉంటారు. అలా చదవాలని రాసిన నవలను రెండు వారాల్లో ముగిస్తే కథ తెలుస్తుంది, సెమినార్లో నాలుగు మాటలు చెప్పడానికి సరుకూ దొరుకుతుంది. కానీ డొరొతియా మీద మొదట కలిగిన విసుగు మెల్లగా గౌరవంగా మారడానికి మాత్రం ఇంకా రోజులు పట్టేది.

అలాగని నిదానమే గొప్పదని కూడా నేను అనబోవడం లేదు. అదే నవలలో డొరొతియా భర్త కసాబన్ ఉన్నాడు. పురాణాలన్నిటికీ ఒకే తాళంచెవి కనిపెడతానని జీవితమంతా నోట్సు రాసుకుంటూ కూర్చుంటాడు. పుస్తకం పూర్తికాదు, మనిషి పోతాడు. అతను వాదిస్తున్నదాన్ని జర్మన్ పండితులు ఎప్పుడో దాటిపోయారన్న సంగతి అతనికి తెలియదు, జర్మన్ రాదు గనక. ఎం.ఏ. ప్రీవియస్, ఎం.ఏ. ఫైనల్, మధ్యలో మానేసిన ఎం.ఫిల్, పదేళ్లు సాగిన పిహెచ్.డి. అన్నీ మన విశ్వవిద్యాలయాల్లోనూ చూశాం. చదువు సాగదీస్తే లోతు దానంతట అదే రాదు. గడువు ఉంటేనే రాసేవాళ్లుంటారు. సెమినారు చివర్లో ఇరవై, ఇరవై ఐదు పేజీల వ్యాసం ఇమ్మంటే, బి.ఏ.లో ఎనిమిది పది పేజీలు రాసిన పిల్లకు మొదట కాళ్లు వణుకుతాయి. రెండోసారికి అలవాటవుతుంది. మూడోసారికి ఆ వ్యాసంలో తన మాట ఒకటి వినపడుతుంది. ఈ మేలు నిజమైనది. తనకంటే పెద్దవాళ్ల మధ్య కూర్చుని మాట నిలబెట్టుకోవడం ఇరవై ఒకటో ఏటనే నేర్చుకుంటుంది.

ఇంకో చిన్న హెచ్చరిక. కొన్ని శాఖల్లో ‘గ్రాడ్యుయేట్ కోర్సు’ అన్నది పేరుకే ఉంటుంది. ఒకే గది, ఒకే ప్రొఫెసరు, ఒకే పుస్తకాలు. బి.ఏ. పిల్లలకు ఒక నంబరు, ఎం.ఏ. పిల్లలకు ఇంకో నంబరు. ఎం.ఏ. నంబరు మీద చేరినవాళ్లు పెద్ద వ్యాసం ఒకటి అదనంగా రాస్తారు, అంతే తేడా. రెండు లెక్కల్లోకి వచ్చే నాలుగు కోర్సులూ ఇలాంటివే అయితే ఆ ఎం.ఏ.లో ఎం.ఏ. పాలు తక్కువని అనుకోవాలి.

ఇదంతా అమెరికావాళ్లు కొత్తగా కనిపెట్టారని మాత్రం అనుకోకండి. మన తాతల కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ ఉండేది. ఇంటర్మీడియెట్ రెండేళ్లు అయ్యాక మామూలు దారి బి.ఏ. రెండేళ్లు, ఆపైన ఎం.ఏ. రెండేళ్లు. ఆనర్స్‌లో సీటు దొరికినవాళ్లు ఇంటర్ తర్వాత మూడేళ్లు ఒకే విషయం చదివేవారు. ఆ పట్టా ఉంటే, గడువు గడిచాక రుసుము కట్టి, వేరే పరీక్ష రాయకుండానే ఎం.ఏ. అనిపించుకోవచ్చు. నాలుగేళ్ల పని మూడేళ్లలో అయిపోయేది. చూశారా, సరిగ్గా ఏడాదే మిగిలింది! 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఆనర్స్ కోర్సులు నడిపింది. 1950ల నడుమ ఇంటర్మీడియెట్ పోయి పి.యు.సి. వచ్చి, బి.ఏ. మూడేళ్లయ్యాక ఆ పాత ఆనర్స్ కనుమరుగైంది.

అయితే ఆ ఆనర్స్ ఏడాదిని మిగిల్చిన తీరు వేరు. అక్కడ ఏ కోర్సునూ రెండుసార్లు లెక్కపెట్టలేదు. మిగతా సబ్జెక్టులను తగ్గించేసి మూడేళ్లూ ఇంగ్లీషునే నూరిపోశారు. పాత ఇంగ్లీషు, చాసర్, షేక్స్‌పియర్, భాషాచరిత్ర, ఛందస్సు, ఏదీ వదిలే వీల్లేదు. తీసుకునేదే గుప్పెడుమందిని. పోయిందేమిటంటే వెడల్పు. ఇంగ్లీషు ఆనర్స్ చదివిన మనిషికి అర్థశాస్త్రం గానీ సైన్సు గానీ కాలేజీలో తగిలేవి కావు. అమెరికా పద్ధతిలో వెడల్పు అలాగే ఉంటుంది, లోతులోంచి నాలుగు కోర్సులు తరుగుతాయి. రెండింటిలో ఏది మేలంటే, నా మొగ్గు పాతదాని వైపే. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, నా పక్షపాతం మీరు గమనించే ఉంటారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖకు ఆ రోజుల్లో కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ ఆచార్యులుగా ఉండేవారు. తర్వాత ఆయనే అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి కూడా అయ్యారు. భారతీయులు ఇంగ్లీషులో రాసిన సాహిత్యానికి మొదటి పెద్ద చరిత్ర ఆయనదే, 1962లో వచ్చింది. ఇక మన బుచ్చిబాబు గారు. ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి ఆ తర్వాత ఆకాశవాణిలోకి వచ్చారు. ఆయన నవల ‘చివరకు మిగిలేది’ అందరికీ తెలుసు. షేక్స్‌పియర్ మీద తెలుగులో ఒక పుస్తకమే రాశారన్నది కొందరికే తెలుసు. ఇంగ్లీషు సాహిత్యం చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఆయన రాతలు చూపిస్తే సరిపోతుంది. కానీ అందరూ బుచ్చిబాబు కాలేరు కాబట్టి, డబ్బు సంగతి, కొలువు సంగతి మాట్లాడక తప్పదు.

డబ్బు. ఐదో ఏడాదిలో ఒక మెలిక ఉంది, చాలా కుటుంబాలు దాన్ని చివరిదాకా చూసుకోవు. బి.ఏ. విద్యార్థిగా ఉన్నంతకాలం వచ్చిన స్కాలర్‌షిప్పు, ప్రభుత్వ పెల్ గ్రాంటు లాంటి సహాయం, బి.ఏ. పట్టా వచ్చి గ్రాడ్యుయేట్ విద్యార్థిగా మారిన నాడు చాలావరకు ఆగిపోతాయి. ఇవతల ఎం.ఏ. స్థాయిలో ఇంగ్లీషు శాఖలు ఇచ్చే అసిస్టెంట్‌షిప్పులు తక్కువ. ఉన్నవి కూడా ఈ ఫోర్ ప్లస్ వన్ పిల్లలకు చాలాచోట్ల ఇవ్వరు, ఒకే ఏడాది ఉంటారు గనక. కొన్ని విశ్వవిద్యాలయాలు ఐదో ఏడు ఫీజులో తగ్గింపు ఇస్తాయి. అది ఉంటే లెక్క మారిపోతుంది. లేకపోతే ఆ ఒక్క ఏడాదీ అప్పు మీద నడుస్తుంది. రెండేళ్ల ఎం.ఏ.తో పోలిస్తే ఏడాది ఫీజు మిగిలిన మాట నిజమే. బి.ఏ.తో ఆగిపోయి ఉంటే మొత్తమే మిగిలేదన్న మాటా అంతే నిజం.

కాబట్టి ఎం.ఏ. ఎందుకు కావాలో ముందు తేల్చుకోవాలి. కొన్ని కొలువులకు ఆ కాగితం తప్పనిసరి. కమ్యూనిటీ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాలంటే మామూలుగా ఇంగ్లీషు ఎం.ఏ. ఉండాలి. వేరే విషయంలో మాస్టర్స్ ఉన్నవాళ్లను ఇంగ్లీషులో కనీసం 18 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు చూపమంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో బడి టీచరు మొదటి సర్టిఫికెట్టుతో పనిలో చేరినా, పూర్తిస్థాయి సర్టిఫికెట్టు రావాలంటే కొన్నేళ్లలో మాస్టర్స్ ముగించాలి. అలాంటి మనిషికి ఇరవై రెండో ఏడాదో ఇరవై మూడో ఏడాదో ఎం.ఏ. చేతిలో ఉండటం పెద్ద ఊరట. రాత్రిపూట కాపీలు దిద్దుకుంటూ ఎం.ఏ. తరగతులకు పరిగెత్తే బాధ తప్పుతుంది. కాకపోతే కమ్యూనిటీ కాలేజీ కొలువుల్లో చాలా భాగం కోర్సుకు ఇంత అని ఇచ్చే పార్ట్‌టైము పనులే. మన గెస్ట్ లెక్చరర్లకు ఆ బతుకు చెప్పక్కర్లేదు.

పిహెచ్.డి. చేయాలనుకునే పిల్ల సంగతి వేరు. అమెరికాలో మంచి ఇంగ్లీషు పిహెచ్.డి. కార్యక్రమాలు చాలావరకు బి.ఏ. వాళ్లను నేరుగా తీసుకుంటాయి. ఫీజు ఉండదు, నెలనెలా భత్యం ఇస్తాయి, ఎం.ఏ. దారిలోనే చేతికొస్తుంది. అక్కడికి వెళ్లదలచిన మనిషి ముందే సొంత డబ్బుతో ఎం.ఏ. కొనుక్కోవడం ఎందుకు? గట్టి థీసిస్ ఒకటి రాయాలి, రాత నమూనా బాగుపడాలి అనుకుంటే ఐదో ఏడు పనికిరావచ్చు. ఇక ఇండియా నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఒక ముక్క: ఇంగ్లీషు స్టెమ్ జాబితాలో లేదు. చదువయ్యాక పన్నెండు నెలలు పనిచేసే అనుమతి ఉంటుంది గానీ, మన ఎం.ఎస్. పిల్లలకు దొరికే ఆ అదనపు ఇరవై నాలుగు నెలలు వీళ్లకు రావు.

మన దగ్గరికి వద్దాం. జాతీయ విద్యా విధానం వచ్చాక ఇక్కడా నాలుగూ ఒకటీ అన్న మాట వినపడుతోంది. పేరు అదే అయినా లెక్క వేరు. యు.జి.సి. చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఒక ఏడాది, 40 క్రెడిట్లు. మూడేళ్లు చదివినవాళ్లకు రెండేళ్లు, 80 క్రెడిట్లు. ఎటు కూడినా 200, ఎటు నడిచినా ఐదేళ్లు. రెండుసార్లు లెక్కపెట్టడం లేదు, మిగిలేదీ లేదు. నిజంగా వేగం పెంచే ఏర్పాటు వేరే ఉంది. 2024 నవంబరులో యు.జి.సి. దాన్ని ఆమోదించింది. మొదటి సెమిస్టరో రెండో సెమిస్టరో అయ్యాక చురుకైనవాళ్లు కోరుకుంటే, సెమిస్టరుకు ఎక్కువ క్రెడిట్లు చదువుకుని మూడేళ్ల డిగ్రీని ఒక సెమిస్టరు ముందు, నాలుగేళ్లదాన్ని రెండు సెమిస్టర్ల ముందు ముగించవచ్చు. సీట్లలో పదిశాతం మందికి మించకూడదు. మొత్తం క్రెడిట్లు మాత్రం ఒక్కటీ తగ్గవు. నాకు ఇది అమెరికా పద్ధతి కంటే నిజాయితీగా కనిపిస్తుంది. సిలబస్ పోలేదు, తీరికే పోయింది.

కానీ తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరేవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. బి.కాం. చదివినవాళ్లు, బి.ఎస్సీ. చదివినవాళ్లు, హిస్టరీ ఎకనామిక్స్ పాలిటిక్స్‌తో బి.ఏ. చేసినవాళ్లు ఎందరో. డిగ్రీలో స్పెషల్ ఇంగ్లీషు ఉన్న కాలేజీలే తక్కువగా ఉండేవి. ప్రవేశ పరీక్ష రాసి ఎం.ఏ. మొదటి సెమిస్టరులో చాసర్ పేరు తొలిసారి విన్న పిల్లలకు నేను పాఠం చెప్పాను. ‘కాంటర్‌బరీ టేల్స్’ తెరవకముందే బజారు గైడు తెరిచేవారు. తప్పు వాళ్లదని అనలేను. ఊళ్లో తెలుగు మీడియం నుంచి వచ్చి, నాలుగు నెలల్లో పద్నాలుగో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా పరిగెత్తమంటే గైడు కాక ఇంకేం దొరుకుతుంది? కానీ రెండో ఏడాది సగానికి వచ్చేసరికి వాళ్లలో కొందరు గైడు మూసేవారు. ఒకమ్మాయి ‘హామ్లెట్’లో ఒఫీలియా తండ్రి పొలోనియస్ మాట్లాడే తీరు తమ ఊరి ప్రెసిడెంటు గారి తీరులాగే ఉందని చెప్పి తరగతిని నవ్వించింది. ఆ మాట గైడులో లేదు. రెండో ఏడాది ఉంది కాబట్టి వచ్చింది. డిగ్రీలో సాహిత్యం చదవని పిల్లలకు ఎం.ఏ. రెండేళ్లలో ఒక్క నెల కూడా తగ్గించకూడదని నా అభిప్రాయం.

ఇంటర్ అయ్యీ కాకుండానే సాహిత్యంలో పడి, ఐదేళ్లూ అందులోనే ఉండే పిల్లల సంగతి వేరు. మద్రాసు ఐ.ఐ.టి. 2006 నుంచి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఇంగ్లీష్ స్టడీస్‌లో నడిపింది. తర్వాత దాన్ని ఆపి రెండేళ్ల ఎం.ఏ. పెట్టింది. ఆ కోర్సు ఐదేళ్లను ఐదేళ్లుగానే ఉంచింది. మధ్యలో గోడ మాత్రం తీసేసింది. డిగ్రీ అయిపోగానే మళ్లీ ప్రవేశ పరీక్ష, మళ్లీ హాస్టలు, మళ్లీ మొదటి యూనిట్‌లో అవే పరిచయ పాఠాలు అన్న తతంగం లేదు. కలిపి చదవడంలో నాకు నచ్చేది ఇదే.

ఇక ఆ మనవరాలికి. నీ గ్రాడ్యుయేట్ డైరెక్టర్ దగ్గరికి వెళ్లి అడగాల్సినవి కొన్ని ఉన్నాయమ్మా. రెండు లెక్కల్లోకి వచ్చే కోర్సులు ఏవి, వాటిలో ఎం.ఏ. వాళ్లకు మాత్రమే ఉన్నవి ఎన్ని? నాలుగో ఏడు చివర బి.ఏ. పట్టా విడిగా ఇస్తారా, రెండు పట్టాలూ ఐదో ఏడు చివర కలిపే ఇస్తారా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఐదో ఏడు మధ్యలో ఏ కారణంతోనైనా ఆగిపోవాల్సి వస్తే చేతిలో ఏముంటుందో దీన్నిబట్టే తేలుతుంది. చివర థీసిసా, పరీక్షా? పరీక్ష అయితే చదవాల్సిన పుస్తకాల జాబితా ఇప్పుడే తెచ్చుకో. నువ్వు వదులుకుంటున్న ఆ నాలుగు కోర్సుల పుస్తకాలు అందులో ఉంటే మంచిదే, వేసవి సెలవుల్లో చదవక తప్పదు. లేకపోతే నువ్వే ఒక జాబితా రాసుకోవాలి. ఐదో ఏడు స్కాలర్‌షిప్పు సంగతి మాత్రం మాటలో వద్దు, ఈమెయిల్లో రాయించుకో. అర్జీలు మూడో సంవత్సరంలో తీసుకుంటారు, కానీ ఎం.ఏ. కోర్సులకు ముందు ఏవేవి చదివి ఉండాలో రెండో సంవత్సరంలోనే చూసుకోవాలి. నువ్వు ఇప్పుడు రెండో ఏడాదిలో ఉంటే, వచ్చే సెమిస్టరుకు కోర్సులు ఎంచుకునే ముందే అడ్వైజర్‌తో ఆ మాట మాట్లాడు.